షాపులో ‘కార్డు వద్దు.. స్కాన్ చేయండి’ అంటున్నారా? వ్యాపారి వేసుకునే లెక్క ఇదే!

కిరాణా షాపులో క్యూఆర్ కోడ్ ఉంటుంది.. కార్డు తీస్తే మాత్రం ‘మెషీన్ లేదండీ’ అంటారు. ఇంకో చోట ‘ఓన్లీ క్యాష్’ బోర్డు కనిపిస్తుంది. ఇది ఓనర్ ఇష్టమే అనిపిస్తుంది కానీ.. దీని వెనక పక్కా లెక్క ఉంది.

కార్డుకు ఖర్చెంత?

కార్డు స్వైప్ చేసిన ప్రతిసారీ వ్యాపారికి రావాల్సిన డబ్బులో కొంత ఫీజుగా కట్ అవుతుంది. దీన్నే మర్చంట్ డిస్కౌంట్ రేట్.. షార్ట్‌గా ఎండీఆర్ అంటారు. 2020 జనవరి 1 నుంచి భీమ్ యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై ఎండీఆర్ లేదు. మిగతా డెబిట్ కార్డులకు ఆర్‌బీఐ పరిమితి పెట్టింది. ఏడాది టర్నోవర్ రూ.20 లక్షల లోపున్న వ్యాపారికి స్వైపింగ్ మెషీన్‌పై గరిష్ఠంగా 0.40 శాతం, ఆపైన ఉంటే 0.90 శాతం. క్రెడిట్ కార్డులకు ఇలాంటి పరిమితి లేదు.

మార్జిన్‌తోనే అసలు చిక్కు

రూ.10 వేల ఫోన్ అమ్మితే షాపుకు రూ.500 మిగులుతుందనుకుందాం. క్రెడిట్ కార్డుపై 2 శాతం ఎండీఆర్ పడితే రూ.200, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.36. అంటే లాభంలో దాదాపు సగం పోయినట్టే! అదే మార్జిన్ ఎక్కువుండే వ్యాపారంలో అయితే.. కార్డు తీసుకోలేదని కస్టమర్ వెళ్లిపోతేనే ఎక్కువ నష్టం.

మరి క్యాష్ ఎందుకు అడుగుతారు?

యూపీఐకి ఫీజు లేకపోయినా ప్రతి పైసాకూ రికార్డు ఉంటుంది. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లావాదేవీల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. దీంతో బెంగళూరులో కొన్ని షాపుల ముందు ‘నో యూపీఐ’ బోర్డులు వెలిశాయి. నిజానికి క్యాష్ తీసుకున్నా అది టర్నోవర్‌లోకే వస్తుంది. సరుకులు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏపీలో రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు.

ఈ రూల్స్ తెలుసుకోండి

* టర్నోవర్ రూ.50 కోట్లు దాటిన వ్యాపార సంస్థలు యూపీఐ, రూపే డెబిట్ కార్డు సదుపాయం తప్పనిసరిగా ఇవ్వాలి.
* ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు రూ.2 లక్షలు, అంతకు మించి క్యాష్ తీసుకోకూడదు.
* డెబిట్ కార్డు ఇస్తే ఎండీఆర్ పేరుతో కస్టమర్ నుంచి అదనంగా వసూలు చేయకూడదు. అలా అడిగితే ఆ షాపుకు మెషీన్ ఇచ్చిన బ్యాంకుకు ఫిర్యాదు చేయొచ్చు.