కొమోడో: రాకాసి ఉడుముల దీవి

ఇండోనేషియాలోని కొమోడో దీవి ప్రజలకు తరతరాలుగా తెలిసిన రాకాసి ఉడుము, 1912లో పీటర్ ఔవెన్స్ రాసిన వ్యాసంతో శాస్త్రలోకానికి పరిచయమైంది. సుమారు మూడు మీటర్ల దాకా పెరిగే ఈ జంతువు పసుపుపచ్చని చీలిక నాలుకను చాచి, ఎక్కడో దూరాన పడివున్న కళేబరాన్ని కూడా పసిగడుతుంది. పిల్లలు పెద్దవాటి నోట పడకుండా మొదట్లో చెట్లపైనే గడుపుతాయి. ఇంత విశిష్టమైన ప్రాణి కోసమే 1980లో జాతీయ పార్కు ఏర్పడింది. 1991లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు, మాంటా చేపలు డైవర్లనూ రప్పిస్తున్నాయి. ఫ్లోరెస్ దీవిలోని లాబువాన్ బాజో రేవు నుంచి పడవల్లో వచ్చేవారు, పంగల కర్ర పట్టిన రేంజర్ వెంటే నడవాలి. పార్కులోనే ఉన్న పడార్ దీవిలో జింకల దొంగవేట మితిమీరి, తిండి కరువై, 1970లలో ఉడుములు కనుమరుగయ్యాయి. ఆ వేటను అరికట్టడం నేటికీ పార్కు సిబ్బంది ముఖ్య బాధ్యతల్లో ఒకటి.