సోలాపురము, 1930: లాఠీకిని తూటాకును నడుమ

సోలాపురమందలి తెలుగువారి చరిత్ర మగ్గముతో ముడివడియున్నది. తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలీయులు బ్రతుకుతెరువు వెదకికొనుచు ఈ నగరమునకు వలసవచ్చి తూర్పు పేటలలో స్థిరపడిరి. 1877లో ఇచట నూలుమిల్లు వెలసిన పిదప చేమగ్గముతోపాటు మిల్లుకూలియు నేతపనివారికి ఆధారమయ్యెను. ఈ పేటలను గూర్చి వ్రాయునపుడు మనము వలసలను, సంఘములను, ఆలయములను పేర్కొందుము. జనసమూహము వీధికెక్కిన దినమున ప్రభుత్వము ఏ ఆయుధముతో ఎదురువచ్చెనను ప్రశ్నయు విచారింపదగినదే.

1930 మే నెల తొలివారమున గాంధీమహాత్ముడు నిర్బంధింపబడగా సోలాపురమున హర్తాళము జరిగెను, మిల్లులు మూతపడెను. మే 8వ తేదీన పోలీసులు జనముపై కాల్పులు జరిపిరి. కొందరు మరణించిరి. ఆగ్రహించిన జనము పోలీసు చౌకీలను తగులబెట్టెను, పోలీసులును హతులైరి. తరువాత కొన్నిదినములు నగరమున ఆంగ్లప్రభుత్వపు పాలన లేదనియే చెప్పవలెను. మే 12న సైనికశాసనము విధింపబడినది. గాంధీటోపీ ధరించుటయే నేరమైన దినములవి! మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుసేన్ అను నలువురు 1931 జనవరి 12న ఎరవాడ కారాగృహమున ఉరితీయబడిరి. నేటికిని నగరమధ్యమున నలుగురు హుతాత్ముల కూడలి వారిని స్మరింపజేయుచున్నది.

ఆనాటి పోలీసుల చేతనున్నవి రెండే: లాఠీ, తుపాకి. బాష్పవాయువు భారతీయ పోలీసులకు అటు పిమ్మటనే వచ్చినది. అయితే శాసనమున మాత్రము లోపము లేదు. 1898 నాటి నేరవిచారణ స్మృతి, గుంపును చెదరగొట్టు సైనికాధికారి సాధ్యమైనంత తక్కువ బలమునే వినియోగింపవలెనని విధించెను. తక్కువ బలమును కోరిన చట్టము దానికి తగిన సాధనమును చూపలేదు.

ఆ సాధనమును వెదకినదియు ఆ సామ్రాజ్యమే. హాంకాంగులో దాని పోలీసులు కొయ్యగుండ్లను వాడిరి. అవి విరిగి గుచ్చుకొనుట చూచి, 1970లో ఉత్తర ఐర్లండునందు బ్రిటిషు సైన్యము రబ్బరుగుండును ప్రవేశపెట్టెను. అది సుమారు ఆరంగుళముల పొడవు, ఒకటిన్నర అంగుళముల వ్యాసము గలది. నేలపై కొట్టి, ఎగిరి కాళ్ళకు తగులునట్లు ప్రయోగింపవలెనని నియమము. కాని నేలపై బడి లేచు బంతి ఎటుపోవునో బాలురకు సైతము తెలియును! ఎగిరిన గుండు ఎవరికి తగులునో కాల్చినవాడే చెప్పజాలడు. 1972లో 11 ఏండ్ల బాలుడొకడు దానివలన మరణించెను. 1973నుండి ప్లాస్టిక్ గుండ్లు వచ్చినవి. ఈ రెండింటివలన ఆ దేశమున మొత్తము 17మంది చనిపోయిరి. మరికొన్ని దేశములలో రబ్బరుపూత క్రింద ఉక్కుగుండును దాచిన రకములును వాడుకలోనికి వచ్చినవి. వానిని రబ్బరు అనుట నామమాత్రమే.

మొదట ఈ ఆయుధములకు ‘ప్రాణాంతకము కానివి’ అని పేరు. అనుభవము మీదట అది ‘తక్కువ ప్రాణాంతకములు’ అని మారినది. ఈ మార్పులోనే వాని చరిత్ర అంతయు ఇమిడియున్నదని నా అభిప్రాయము. 2017లో ప్రకటితమైన ఒక వైద్యసమీక్ష వివిధ దేశములనుండి సేకరించిన 1,984మంది క్షతగాత్రులలో 53మంది మరణించిరనియు, 300మంది శాశ్వత వైకల్యము పొందిరనియు తెలిపినది. మనదేశమున 2010నుండి కాశ్మీరమునందు వాడిన చిఱుగుండ్ల తుపాకులు, ముఖ్యముగా 2016లో, అనేకుల చూపును హరించినవి.

అట్లని 1930లో రబ్బరుగుండు ఉన్నను లేకున్నను ఒక్కటేయనుట న్యాయము కాదు. సీసపు తూటాకంటె దానివలన చచ్చువారు తక్కువ. మే 8న మరణించినవారిలో కొందరైనను బ్రతికియుందురేమో. అయితే ఉత్తర ఐర్లండులో ప్లాస్టిక్ గుండును 20 మీటర్లకు లోపలినుండి ప్రయోగింపరాదని నియమము ఉండెను. మగ్గముల చప్పుడు ఎదురింటికి వినిపించు నేతపేటల సందులలో అంత దూరము నిలిచి కాల్చుటకు తావెక్కడ?