గిడ్డంగి వెళ్లొచ్చిన దారి
విమానంలో వచ్చిన సరుకును సుంకం కట్టకముందే విమానాశ్రయం దాటించి బయటి బాండెడ్ నిల్వకు చేర్చవచ్చు. అందుకు 1962 కస్టమ్స్ చట్టం 59వ సెక్షన్ ప్రకారం దిగుమతిదారు సుంకానికి మూడు రెట్ల మొత్తానికి బాండు రాసివ్వాలి. ఆ చోటును ‘గోడౌన్’ అంటూ ఇంగ్లీషు మాటగా వాడుతున్నాం. నిజానికి అది మలయ్ ‘గుదంగ్’, పోర్చుగీసుల మీదుగా ఇంగ్లీషుకు చేరింది. దానికి మూలం మన గిడ్డంగి, తమిళ కిడంగు అని 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు సూచించింది. మలయ్ నుంచే మనకొచ్చి ఉండకూడదా? తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండు. ధాతువు ఇక్కడే కనిపిస్తుంటే ఆ వాదనకు బలం తక్కువ. లెక్క తేలేదాకా సరుకు పడి ఉండే చోటుకు గిడ్డంగే తగిన పేరు, పత్రికలు దాన్నే రాయాలి. పక్కనున్న ‘సుంకం’ మాత్రం సంస్కృత శుల్కం ప్రాకృతంలో అరిగిన రూపం. దాన్ని వసూలు చేసేవాడు సుంకరి.