మహిళల ప్రీమియర్ లీగ్ క్రీడాకారిణుల వేలం

మహిళల ప్రీమియర్ లీగ్ క్రీడాకారిణుల వేలం అనేది భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) నిర్వహించే మహిళల ట్వంటీ20 లీగ్‌లోని జట్లు తమ సభ్యులను ఎంచుకొనే పద్ధతి. మొదటి వేలం 2023 ఫిబ్రవరి 13న ముంబైలో జరిగింది. అమెరికాలోని మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ (డబ్ల్యూఎన్‌బీఏ) వంటివి కొత్త క్రీడాకారిణులను 'డ్రాఫ్ట్' అనే వంతుల పద్ధతిలో తీసుకుంటాయి. భారతదేశంలో ఆ స్థానంలో బహిరంగ వేలంపాట అమలులో ఉన్నది. రాయలసీమతో పాటు తెలుగు ప్రాంతాలకు చెందిన పలువురు క్రీడాకారిణులు ఈ వేలం ద్వారానే లీగ్‌లో ప్రవేశించారు.

నేపథ్యం

2023 జనవరి 25న ఐదు జట్ల యాజమాన్య హక్కులను విక్రయించగా బీసీసీఐకి మొత్తం రూ. 4,669.99 కోట్లు లభించాయి. అహ్మదాబాదు జట్టు అత్యధికంగా రూ. 1,289 కోట్లు పలికింది. ముంబై, బెంగళూరు, ఢిల్లీ, లక్నో మిగిలిన నాలుగు జట్ల నగరాలు. అహ్మదాబాదు జట్టుకు గుజరాత్ జెయింట్స్ అనీ, లక్నో జట్టుకు యూపీ వారియర్జ్ అనీ పేర్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని ఏ నగరానికీ జట్టు దక్కలేదు. కాబట్టి తెలుగు క్రీడాకారిణులు ఈ లీగ్‌లో ఆడాలంటే ఇతర రాష్ట్రాల నగరాల పేర్లు గల జట్లకు ఎంపిక కావలసి ఉంటుంది. జట్టు ఎంపికలో స్థానికతకు నియమమేదీ లేదు.

వేలం జరిగే విధానం

ఆడదలచిన క్రీడాకారిణి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. జట్ల యాజమాన్యాల ఆసక్తిని అనుసరించి బీసీసీఐ ఆ పేర్లను వడపోసి తుది జాబితా ప్రకటిస్తుంది. 2023లో సుమారు 1,500 మంది నమోదు చేసుకొనగా 409 మంది తుది జాబితాలో నిలిచారు. అమ్ముడైనవారు 87 మంది. జట్లు వెచ్చించిన మొత్తం రూ. 59.50 కోట్లు.

వేలంలోని ప్రధాన నియమాలు ఇవి:

* కనీస ధర: ప్రతి క్రీడాకారిణికి ఒక కనీస ధర ఉంటుంది. పాట అక్కడి నుండే మొదలవుతుంది. 2023లో అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినవారికి రూ. 30, 40, 50 లక్షల శ్రేణులు, ఆడనివారికి రూ. 10, 20 లక్షల శ్రేణులు నిర్ణయించారు.
* వ్యయ పరిమితి: అన్ని జట్లకూ ఒకే పరిమితి ఉంటుంది. ఇది మొదటి ఏడాది రూ. 12 కోట్లు, 2024 సీజనుకు రూ. 13.50 కోట్లు, 2025 సీజనుకు రూ. 15 కోట్లు.
* జట్టు పరిమాణం: 15 నుండి 18 మంది. వీరిలో విదేశీయులు ఆరుగురికి మించరాదు.
* తుది పదకొండు మంది: వీరిలో నలుగురు విదేశీయులు ఉండవచ్చు. ఐసీసీ అసోసియేట్ సభ్యదేశానికి చెందిన క్రీడాకారిణి ఉన్నట్లయితే ఐదుగురిని ఆడించవచ్చు.

వేలం నిర్వాహకులు పేరు, కనీస ధర ప్రకటించిన పిమ్మట జట్ల ప్రతినిధులు ఫలకం ఎత్తి ధర పెంచుతారు. చివరి ధర పాడిన జట్టుకు క్రీడాకారిణి దక్కుతుంది. ఎవరూ ఫలకం ఎత్తకపోతే 'అమ్ముడుపోలేదు' అని ప్రకటించి తరువాతి పేరుకు వెళ్తారు. జట్లు కోరిన పేర్లను చివరి విడతలో మరొకసారి పిలుస్తారు. తొలి వేలాన్ని మల్లికా సాగర్ నిర్వహించారు. ఆ రోజు స్మృతి మంధానను బెంగళూరు జట్టు రూ. 3.40 కోట్లకు తీసుకొన్నది.

అట్టిపెట్టుకోవడం, ధర సరిపోల్చే హక్కు

2023 డిసెంబరు 9న ముంబైలోను, 2024 డిసెంబరు 15న బెంగళూరులోను జరిగినవి చిన్న వేలాలు. జట్లు పాతవారిలో ఎక్కువ మందిని ఉంచుకొని ఖాళీలను మాత్రమే పూరించుకొన్నాయి. 2025 నవంబరు 27న న్యూఢిల్లీలో పెద్ద వేలం జరిగింది. దానికి ముందు ఒక్కొక్క జట్టు గరిష్ఠంగా ఐదుగురిని అట్టిపెట్టుకొనే వీలు కల్పించారు. ఐదుగురినీ ఉంచుకొన్న జట్టుకు రూ. 15 కోట్లలో రూ. 9.25 కోట్లు తగ్గుతాయి.

ధర సరిపోల్చే హక్కు (రైట్ టు మ్యాచ్) కూడా ఈ వేలంలోనే ప్రవేశపెట్టబడినది. తాను వదలుకొన్న క్రీడాకారిణికి వేరొక జట్టు పాడిన ధరను తానే చెల్లించి తిరిగి తీసుకొనే అవకాశమిది. ఐదుగురిని అట్టిపెట్టుకొన్న జట్టుకు ఈ హక్కు ఉండదు. ఒక్కరినే ఉంచుకొన్న జట్టుకు నాలుగుసార్లు ఉంటుంది. దీప్తి శర్మ విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఢిల్లీ జట్టు ఆమెకు కనీస ధర రూ. 50 లక్షలు పాడగా యూపీ వారియర్జ్ తన హక్కును వినియోగించుకొన్నది. అప్పుడు నియమం ప్రకారం ఢిల్లీకి ధర పెంచే అవకాశం రాగా రూ. 3.20 కోట్లకు పెంచింది. యూపీ ఆ మొత్తానికే అంగీకరించి ఆమెను తీసుకొన్నది. ఆ రోజు మొత్తం 67 మంది అమ్ముడయ్యారు.

డ్రాఫ్ట్ పద్ధతితో పోలిక

డబ్ల్యూఎన్‌బీఏ 1997లో పోటీలు ప్రారంభించింది. అక్కడ కళాశాల చదువు ముగించిన క్రీడాకారిణులను జట్లు వంతులవారీగా మూడు విడతలలో ఎంచుకుంటాయి. ముందటి పోటీలలో వెనుకబడిన జట్లకు తొలి వంతులు వస్తాయి. వాటిలో ఎవరు ముందన్నది లాటరీ ద్వారా తేలుతుంది. 2024లో 12 జట్లు కలిసి 36 మందిని ఎంచుకొన్నాయి. తొలి వంతులో ఇండియానా ఫీవర్ జట్టు కెయిట్లిన్ క్లార్క్‌ను తీసుకొన్నది. అప్పటికే దేశమంతటా పేరుపొందిన ఆమెకు ఒప్పందంలోని పట్టిక ప్రకారం తొలి ఏడాది జీతం సుమారు 76,500 డాలర్లు మాత్రమే.

రెండు పద్ధతులలోనూ క్రీడాకారిణికి జట్టును కోరుకొనే స్వేచ్ఛ లేదు. అయితే డ్రాఫ్ట్‌లో వంతును బట్టి జీతం ముందే నిర్ణయమై ఉంటుంది. బలహీనమైన జట్టుకు మేలు చేయడం దాని ఉద్దేశం. వేలంలో ధరకు పైహద్దు జట్టు వద్ద మిగిలిన సొమ్ము మాత్రమే. అందువలన అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడని కాశ్వీ గౌతమ్ 2023 డిసెంబరులో రూ. 2 కోట్లు పలికింది. అదే సమయంలో పేరున్నవారు సైతం మిగిలిపోవచ్చు. ఆస్ట్రేలియాలోని మహిళల బిగ్ బాష్ లీగ్ విదేశీ క్రీడాకారిణుల కొరకు 2023లో డ్రాఫ్ట్ పద్ధతిని చేపట్టింది.

తెలుగు క్రీడాకారిణులు

తొలి వేలంలో కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన ఎడమచేతి వాటం పేసర్ అంజలి శర్వాణిని యూపీ వారియర్జ్ రూ. 55 లక్షలకు తీసుకొన్నది. సబ్బినేని మేఘన (గుజరాత్), హైదరాబాదుకు చెందిన అరుంధతి రెడ్డి (ఢిల్లీ), విశాఖపట్నానికి చెందిన స్నేహ దీప్తి (ఢిల్లీ) ఒక్కొక్కరు రూ. 30 లక్షలు పొందారు. విశాఖకే చెందిన షబ్నమ్ షకీల్ రూ. 10 లక్షలకు గుజరాత్ జట్టులో చేరింది. మేఘన 2024లో బెంగళూరుకు మారి, ఆ ఏడాది విజేతగా నిలిచిన జట్టులో సభ్యురాలయింది. అరుంధతి రెడ్డిని 2025 నవంబరులో బెంగళూరు రూ. 75 లక్షలకు తీసుకొన్నది.

వైఎస్ఆర్ కడప జిల్లాకు చెందిన ఎడమచేతి వాటం స్పిన్నర్ నల్లపురెడ్డి శ్రీచరణిని 2024 డిసెంబరులో ఢిల్లీ జట్టు రూ. 55 లక్షలకు తీసుకొన్నది. అప్పటికి ఆమె భారత జట్టుకు ఆడలేదు. 2025 సీజనులో ఆడినవి రెండు మ్యాచ్‌లే అయినా నాలుగు వికెట్లు పడగొట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో భారత జట్టులో స్థానం పొందినది. 2025 నవంబరు 2న ముగిసిన ప్రపంచకప్‌ను భారత్ గెలుచుకొనగా ఆమె ఆ పోటీలలో 14 వికెట్లు తీసింది. తరువాతి వేలంలో ఢిల్లీ ఆమెను తిరిగి తీసుకోవడానికి రూ. 1.30 కోట్లు చెల్లించవలసి వచ్చింది.

భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష 2024 డిసెంబరు వేలంలో అమ్ముడుపోలేదు. రెండు నెలలు తిరగకముందే 19 ఏళ్ళలోపు ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. 2025 నవంబరులో యూపీ వారియర్జ్ ఆమెను రూ. 10 లక్షలకు తీసుకొన్నది.

అనంతపురం జిల్లా

వర్షపాతం అతి తక్కువగా ఉండే అనంతపురం జిల్లాలో వేరుశనగ పంటపై ఆధారపడిన కుటుంబాలు అధికం. 2006లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైన బండ్లపల్లి గ్రామం (నార్పల మండలం) ఈ జిల్లాలోనిదే. అదే గ్రామానికి చెందిన బారెడ్డి అనూష 2023 జూలై 9న మీర్పూరులో బంగ్లాదేశ్‌పై భారత జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడింది. ఆమె అనంతపురంలోని గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్‌డీటీ) క్రీడా అకాడమీలో శిక్షణ పొందినది. ఈ సంస్థను విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించారు. సంస్థ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి.

ఇటువంటి గ్రామాల నుండి వేలం జాబితా వరకు దారి జిల్లా జట్టుతో మొదలవుతుంది. ఆంధ్ర క్రికెట్ సంఘం విభజనలో అనంతపురం దక్షిణ మండలానికి చెందుతుంది. జిల్లా, మండల స్థాయిలలో రాణించినవారు వయోవర్గాల రాష్ట్ర జట్లకు, ఆపై సీనియర్ జట్టుకు ఎంపికవుతారు. లీగ్ జట్ల పరిశీలకులు దేశవాళీ పోటీలలోనే కొత్తవారిని గుర్తిస్తారు. కనీస ధర రూ. 10 లక్షలైనా కరవు ప్రాంతపు రైతు కుటుంబానికి అది పెద్ద మొత్తమే.

అమ్ముడుపోనివారి పరిస్థితి

వేలంలో మిగిలిపోయినంత మాత్రాన ఆ ఏటికి అవకాశం పూర్తిగా ముగిసినట్లు కాదు. జట్టులో ఎవరైనా గాయపడి తప్పుకొంటే బదులుగా అమ్ముడుపోనివారి నుండి ఒకరిని తీసుకోవచ్చు. 2025 సీజనుకు అమ్ముడుపోని స్నేహ్ రాణా, శ్రేయాంక పాటిల్ గాయపడగా బెంగళూరు జట్టులో రూ. 30 లక్షలకు చేరింది. అదే ఏడాది ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో కూడా ఆమె సభ్యురాలు. మిగిలినవారు దేశవాళీ పోటీలలో ఆడి తరువాతి వేలానికి మరల నమోదు చేసుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* మహిళల ప్రీమియర్ లీగ్
* భారత మహిళా క్రికెట్ జట్టు
* ఆంధ్ర క్రికెట్ సంఘం
* నల్లపురెడ్డి శ్రీచరణి
* అనంతపురం జిల్లా