తుంగభద్ర బోర్డు

తుంగభద్ర బోర్డు, సండూరు కొండల చెంత హోస్పేట వద్దనున్న తుంగభద్ర జలాశయాన్ని, కుడిగట్టు ఉమ్మడి కాలువలను నిర్వహించే అంతర్రాష్ట్ర సంస్థ. ఆనకట్ట పనిని 1945లో హైదరాబాదు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి చేపట్టాయి. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రరాష్ట్రానికి, మిగిలినవి మైసూరుకు చెందాయి. జలాశయం ఒక రాష్ట్రంలో, ఆయకట్టులో కొంత మరో రాష్ట్రంలో పడ్డాయి. అందుకే ఆంధ్రరాష్ట్ర చట్టం కింద బోర్డు ఏర్పడింది. కుడిగట్టు ఎగువ కాలువ అనంతపురం వైపు, దిగువ కాలువ కర్నూలు వైపు బళ్లారి మీదుగా సాగుతాయి. పూడిక వల్ల నిల్వ సామర్థ్యం సుమారు 133 నుంచి 105.79 టీఎంసీలకు తగ్గడం ప్రధాన సమస్య. 2024 ఆగస్టు 10 రాత్రి, 33 గేట్లలో 19వది కొట్టుకుపోగా, నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో తాత్కాలిక పలకలు అమర్చారు.