జిల్లాకు ఒకప్పటి రాజధాని.. ఎలగందుల కోట

కరీంనగర్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరాన, సిరిసిల్ల మార్గంలో, మానేరు తీరాన గల గుట్టపై ఎలగందుల కోట నెలకొని ఉంది. నేడు కొత్తపల్లి మండలంలో ఒక గ్రామమైన ఎలగందుల ఒకప్పుడు జిల్లా కేంద్రం. జిల్లాను సైతం ఆ పేరుతోనే పిలిచేవారు. 1905లో ఆ హోదా కరీంనగర్‌కు దక్కింది. కరీంనగర్ అనే పేరు కూడా ఎలగందుల కిలాదారు సయ్యద్ కరీముద్దీన్ పేరిట వచ్చినదేనని ప్రతీతి.

కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీల ఏలుబడిని ఈ కోట చూసింది. అగడ్తను దాటి సింహద్వారం గుండా ప్రవేశించిన సందర్శకులకు రాతి గోడలు, బురుజులు దర్శనమిస్తాయి. గోడల వెంట మెట్లెక్కి శిఖరాన్ని చేరితే నరసింహస్వామి ఆలయంతోపాటు దిగువ మానేరు జలాశయ దృశ్యం కనువిందు చేస్తుంది. కోటకు తూర్పున 1754లో జఫరుద్దౌలా నిర్మింపజేసిన మసీదు ఉంది. దాని మినార్లు ఊపితే కదులుతాయని స్థానికులు చెబుతారు.

ఆ మాటను పరీక్షించబూనడం కట్టడానికి చేటు. రాళ్ల సందుల్లో మొలిచే రావి, మర్రి మొక్కల వేళ్లు గోడలను క్రమంగా విడదీస్తాయి. వాటిని చిన్నవిగా ఉన్నప్పుడే తొలగించాలి. వానాకాలంలో మెట్లు జారుతాయి గనుక చలికాలపు ఉదయం కోట ఎక్కడం శ్రేయస్కరం. రాళ్లపై పేర్లు చెక్కకుండా, శిథిలమైన గోడల అంచులకు వెళ్లకుండా సందర్శకులు జాగ్రత్త వహించాలి. హోదా పోయిన ఊరికి మిగిలిన ఆధారం ఈ గోడలే.