కార్వాన్ పరిసరాల్లో కార్ల మ్యూజియాలు

హైదరాబాద్ పాతబస్తీలో మోటారు వాహనాలను చూపే ప్రదర్శనశాలలు చెప్పుకోదగ్గవి రెండున్నాయి. ఒకటి బహదూర్‌పురాలో, నెహ్రూ జూపార్కుకు దగ్గర్లో ఉన్న సుధా కార్స్ మ్యూజియం. రెండోది చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల కార్ల విభాగం. ఒకచోట తుక్కు ఇనుముతో చేసిన బండ్లు, మరోచోట రాజుగారు విలాయతు నుంచి తెప్పించుకున్న బండ్లు. రెంటినీ ఒకే రోజు చూడవచ్చు, అలా చూస్తేనే బాగుంటుంది.

ఈ రెంటికీ దగ్గర్లోనే ఉన్న కార్వాన్ పాత వర్తకుల పేట. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ వజ్రాల వ్యాపారం సాగిన చోట్లలో ఇదీ ఒకటి. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ ఈ పేటను మూసీ నది అవతలి ఒడ్డుతో కలిపింది. హైదరాబాద్ నగరం పుట్టింది ఆ తర్వాతే, 1591లో. 1671లో మీర్ మూసా ఖాన్ మహల్దార్ కట్టించిన తోలి మసీదు ఇప్పటికీ కార్వాన్‌లో నిలిచి ఉంది. పక్కనే ఉన్న జుమ్మెరాత్ బజారులో పాత సామాను కుప్పలు పోసి అమ్ముతారు. పారేసిన వస్తువుకు రెండో జన్మ ఇవ్వడం ఈ ప్రాంతానికి బాగా అలవాటైన పని. సుధా కార్స్ మ్యూజియం అచ్చంగా ఆ సంప్రదాయానికి చెందినదే.

దీన్ని 2010లో స్థాపించినవారు కన్యాబోయిన సుధాకర్. బడిలో చదువుకునే రోజుల నుంచే ఆయన పాత ఇనుముతో సైకిళ్లు చేయడం మొదలుపెట్టారు. తర్వాత అదే ఆయన జీవితమైంది. క్రికెట్ బ్యాట్, ఫుట్‌బాల్, బర్గర్, వంకాయ, కెమెరా, కప్పు-సాసరు, పెన్సిల్, మడమెత్తు చెప్పు, లిప్‌స్టిక్, మంచం, కమోడ్ ఆకారాల్లో ఉన్న వాహనాలన్నీ ఆయన చేయించినవే. బొమ్మలు అనుకుని దాటిపోతే పొరపాటు. ప్రతిదీ నడుస్తుంది. ప్రతి వాహనం పక్కన ఒక బోర్డు ఉంటుంది. దాన్ని ఏ ఏడాది చేశారో, ఎంత కాలం పట్టిందో, ఎంత వేగంతో పోతుందో అందులో రాసి ఉంటుంది. పిల్లలు బండ్ల చుట్టూ పరుగులు తీస్తుంటారు గానీ, పెద్దలు ఆగి చదవాల్సింది ఆ బోర్డులనే.

ఆకారం ఎంత వింతదైనా కింద చట్రం, ఇంజను, స్టీరింగు, బ్రేకు తప్పవు. వంకాయ కారునే తీసుకుందాం. గుండ్రంగా ఉబ్బిన ఊదారంగు ఒళ్లు, పైన ఆకుపచ్చ ముచ్చిక. ఆ ఉబ్బులో మనిషి కూర్చోవాలి, ముందు దారి కనబడాలి, చక్రాలు రెండువైపులా తిరగడానికి చోటుండాలి. రేకును ఆ వంపుకు తేవడం, అతుకు కనబడకుండా నునుపు చేయడం డెంటింగ్, వెల్డింగ్ తెలిసిన చేతులకే సాధ్యం. షెడ్లలో ఈ పని చేసే మెకానిక్కులకు మనం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదు. ఈ మ్యూజియం ఆ పనితనాన్ని తీసుకొచ్చి నడిహాలులో నిలబెట్టింది. దీని అసలు విలువ అదే.

సుధాకర్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చింది ఒక మూడు చక్రాల సైకిల్. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు, చక్రం వ్యాసం 17 అడుగులు. నాలుగంతస్తుల మేడంత ఎత్తున్న ఆ సైకిల్‌ను 2005 జూలై 1న హైదరాబాద్‌లో ఆయన తొక్కి చూపించారు. అతి పెద్ద ట్రైసైకిల్‌గా అది గిన్నిస్ రికార్డుకెక్కింది.

చౌమహల్లాలో ముఖ్య ఆకర్షణ పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దీన్ని ఆర్డరు చేశారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. లోపల వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు కాబట్టి దీన్ని సింహాసన కారు అంటారు. పసుపు నిజాముల వంశమైన ఆసఫ్‌జాహీల జెండా రంగు. ఇంత ఖరీదైన బండి కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదని చెబుతారు.

ఇతర దేశాల్లో కార్ల మ్యూజియాలను ఎక్కువగా కంపెనీలో, కోటీశ్వరులో పెట్టారు. జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో 2006లో కొత్త భవనంలో తెరిచిన మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం 1886 నాటి మూడు చక్రాల బెంజ్ బండితో మొదలవుతుంది. ఫ్రాన్స్‌లోని మ్యూలూజ్ కథ వేరు. అక్కడ ష్లుంఫ్ సోదరులనే మిల్లు యజమానులు వందలాది కార్లను, ముఖ్యంగా బుగాటీలను, గుట్టుగా కొని దాచారు. మిల్లులు దివాలా తీశాక 1977లో కార్మికులు లోపలికి వెళ్లి ఆ నిధిని చూసి, స్వాధీనం చేసుకున్నారు. 1982లో అది జాతీయ మ్యూజియంగా ప్రజలకు తెరుచుకుంది. మనకు దగ్గర్లో, కోయంబత్తూరులో తెలుగు మూలాలున్న ఆవిష్కర్త జి.డి. నాయుడు కుటుంబ సంస్థ 2015లో జీడీ కార్ మ్యూజియం ప్రారంభించింది.

రేసు కార్ల సంగతికొస్తే మన దగ్గర లోటు కనిపిస్తుంది. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 1911లో జరిగిన మొదటి 500 మైళ్ల పందెం గెలిచిన మార్మన్ వాస్ప్ కారును ఆ రేసు ట్రాక్ ఆవరణలోని మ్యూజియమే భద్రపరిచింది. మన నగరంలోనూ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. భారతదేశంలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. ఆ రోజుకు సంబంధించిన ఫొటోలు, టికెట్లు, ట్రాక్ పటాలు ఇప్పుడే ఒకచోట చేర్చాలి. నగరపాలకులు గానీ, ఇంట్లో వాటిని దాచుకున్న అభిమానులు గానీ ఆలస్యం చేయకుండా ఆ పనికి పూనుకోవాలి.